రెండు కణుపుల నీళ్ళు

సాయిలు పని చెప్పుకోవడానికి చాలా తేలిక. కొత్తగా పోసిన స్లాబు ఎండిపోకుండా నీళ్ళు పట్టాలి, అంతే. స్లాబు మీద మట్టితో చిన్న చిన్న గట్లు వేసి, పొలంలో లాగే మడులు కడతారు. వాటిలో పద్నాలుగు రోజులు నీళ్ళు నిలవ ఉండాలి, లేకపోతే స్లాబు సన్నగా పగిలి వానకి కారుతుంది. మాదాపూర్ గుట్టల్లో ఎండాకాలం పొద్దున నింపిన మడి మధ్యాహ్నానికి ఇంకిపోతుంది. మళ్ళీ పైపు పట్టుకుని మెట్లెక్కాలి. మేడ లేచాక ఇంజనీరును మెచ్చుకుంటారు, మేస్త్రిని మెచ్చుకుంటారు. నీళ్ళు పట్టినవాణ్ణి తలుచుకున్న మహానుభావుడు ఇంతవరకు పుట్టలేదు.

ఒక్క గోవిందప్ప తలుచుకునేవాడు. పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రి. స్లాబు పోయడంలో చేయి తిరిగినవాడు, నలభై స్లాబులు పోస్తే ఒక్కటీ కారలేదని చెప్పుకునేవాడు, చెప్పుకోవడంలో మొహమాటం కూడా లేదు. రోజూ పొద్దున్నే మడిలో చూపుడువేలు ముంచేవాడు. నీళ్ళు రెండు కణుపుల దాకా రావాలి. రాకపోతే నీళ్ళు పట్టినవాడి పని ఆ పూటకి అయిపోయినట్టే. అలాంటివాడు సాయిలు నీళ్ళు పట్టే స్లాబుకి మాత్రం వేలు ముంచేవాడు కాదు. పైకి వచ్చి, ఒకసారి చుట్టూ చూసి దిగిపోయేవాడు. "సాయన్న ఉన్నడంటే నాకు ఫికర్ లేదు" అనేవాడు. సాయిలు భార్య చంద్రమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. పిల్లలు లేరు. సైటులోనే రేకుల గది, వాచ్‌మన్ పని, నీళ్ళ పని. ఆ ఒక్క మాట కోసమే సాయిలు రోజూ అన్నిసార్లు మెట్లెక్కేవాడంటే నమ్మొచ్చు.

తొంభై ఏడు ఎండాకాలంలో ఆ మాటని సాయిలు తన చేతులతోనే పాడుచేసుకున్నాడు. మూడో అంతస్తు స్లాబు పోసిన నాలుగో రోజున గోవిందప్ప కూలీలను వెంటబెట్టుకుని నాలుగు రోజుల పనికి వేరే సైటుకి వెళ్ళాడు. అదే రోజు నార్సింగిలో కల్లు తాగి సాయంత్రానికి వచ్చేద్దామని సాయిలు బయల్దేరాడు. చంద్రమ్మ గుర్తొచ్చి తాగానని తర్వాత తనకి తాను సర్దిచెప్పుకున్నాడు గాని, నిజానికి తాగాలనిపించి తాగాడు. సాయంత్రానికి రాలేదు. మూడు రోజులు అక్కడే పడి ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి మడులు ఎండి, గట్లు బీటలు తీసి ఉన్నాయి. గబగబా గట్లు కట్టాడు, నీళ్ళు నింపాడు. మర్నాడు గోవిందప్ప వచ్చి చుట్టూ చూశాడు. వేలు ముంచలేదు. ముంచినా తెలిసేది కాదనుకోండి, అప్పటికి నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ముంచకపోవడమే సాయిలుకి ముల్లులా గుచ్చుకుంది.

మొదటి వానకే స్లాబు కారింది. ఇంజనీరు విశ్వేశ్వరరావు గోదావరి జిల్లా మనిషి, గొంతెత్తి అరిచే అలవాటు లేనివాడు. కూలీలందరి ముందు నిలబెట్టి, ఇసుక ఎక్కువ కలిపావని గోవిందప్పని నెమ్మదిగానే అన్నాడు. తర్వాత సాయిలు వైపు తిరిగి, నీళ్ళు సరిగ్గా పట్టావా అని అడిగాడు.

"ఒక్క పూట గూడ తప్పలే సార్," అన్నాడు సాయిలు.

గోవిందప్ప అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. "సాయన్న నీళ్ల మీద నాకు అనుమానం లేదు సార్. తప్పుంటే నా చేతిలనే ఉంటది," అన్నాడు. ఆ సాయంత్రమే తాపీ, మట్టపుగొట్టం సంచిలో వేసుకుని సైటు దిగిపోయాడు.

పేరు పోయిన మేస్త్రికి పని ఎవరిస్తారు? గోవిందప్ప బోరబండ అడ్డా మీద పొద్దున్నే కూలీలతో పాటు నిలబడడం మొదలుపెట్టాడు. మేస్త్రి కావాలని ఎవరైనా వస్తే తల తిప్పుకునేవాడు, తట్టలు మోసే మనిషి కావాలంటే వెళ్ళేవాడు. కానీ సాయిలుని వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం రొట్టెలు కట్టుకుని సాయిలు గదికి వచ్చేవాడు. సాయిలు పచ్చిపులుసు చేసేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. వారం మొత్తం మీద సాయిలు నోరు తెరిచి మనిషితో మాట్లాడేది ఆ గంటే.

మరుసటి ఏడు సాయిలు ప్రార్థనలకి వెళ్ళడం మొదలుపెట్టాడు. బోరబండలో రేకులు కప్పిన ఒక గదిలో ఆదివారం పూట పాతిక మంది కూడేవాళ్ళు. ఒక వాన రోజున అరుగు మీద తలదాచుకోబోతే పుణ్యవతి అనే ఆవిడ లోపలికి పిలిచి కుర్చీ వేసింది. తెనాలి వైపు మనిషి, దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. పుట్టి బుద్ధెరిగాక సాయిలుని 'గారు' అన్నది ఆవిడే. ఆ 'గారు' కోసం రెండో వారం వెళ్ళాడు. మూడో వారం నుంచి లోపల చెప్పేది వినబడడం మొదలైంది. పాపం ఒప్పుకుని తిరిగి రమ్మని యేసు పిలుస్తున్నాడని పాస్టరు చెబుతుంటే, సాయిలుకి ఎండి బీటలు తీసిన గట్లు కళ్ళ ముందు కనబడేవి. కల్లు మానేశాడు. ప్రార్థనలకి వెళ్తున్నాడని తెలిసి తమ్ముడు రాజేందర్ బోనాలకి పిలవడం మానేశాడు. ఉన్న ఒక్క చుట్టరికమూ అలా తెగిపోయింది.

ఒక ఆదివారం మోకాళ్ళ మీద పడి మూడు రోజుల సంగతంతా దేవుడికి చెప్పుకుని ఏడ్చాడు. గుండె దూదిపింజలా తేలికైంది. ఆ తేలిక మధ్యాహ్నం భోజనం దాకా నిలిచింది. ఆ రోజు గోవిందప్ప రొట్టె తుంచుతూ, "చెయ్యి ఎప్పుడు చెడిపోయిందో నాకే తెల్వలేదు సాయన్నా. ఇగ తాపీ ముట్టుకోవాల్నంటే భయమైతది," అన్నాడు. సాయిలు చేతిలో ముద్దని తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

పుణ్యవతికి చెప్పాడు. దేవుడికి ఒప్పుకున్నాను కదా, ఇంక అయిపోయినట్టే కదా అని అడిగాడు. అయిపోయిందనే మాట కోసమే అడిగాడని ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా ఉన్నమాటే చెప్పింది.

"మీ ఏడుపు దేవుడు విన్నాడు సాయిలు గారూ, అందులో సందేహం లేదండి. కానీ గోవిందప్ప గారికి వినబడలేదు కదండీ."

సాయిలుకి ఆవిడ మీద కోపం వచ్చింది. చెప్పడం ఎంతసేపు! చెప్పేస్తే గోవిందప్పకి తన చెయ్యి తనకి వస్తుంది, సాయిలుకి ఉన్న ఒక్క మనిషీ పోతాడు. దేవుడు తోడున్నాడని సాయిలు నమ్మాడు, నిజంగానే నమ్మాడు. కానీ ఆదివారం ఎదురుగా కూర్చుని పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని అనేది దేవుడు కాదు కదా. అలా నాలుగు వారాలు నానబెట్టాడు.

సంక్రాంతి దాటాక బాప్తిస్మానికి రోజు కుదిరింది. దుర్గం చెరువులో. ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. నీళ్ళలో మునిగి లేచినవాళ్ళ కోసం వాళ్ళ మనిషి ఒకరు గట్టు మీద పొడి తువ్వాలు పట్టుకుని నిలబడాలి. సాయిలు ఈ సంగతి చెప్పాడో లేదో, అడగకముందే గోవిందప్ప ఒప్పుకున్నాడు. "నీ దేవుని సంగతి నాకు తెల్వదు గని, తువ్వాల పట్టుకొని నిలవడితే నాదేం పోతది," అన్నాడు. ఆ మాటతో సాయిలుకి ఇక దాచుకునే దారి లేకుండా పోయింది. గోవిందప్ప చేతుల్లోంచి తువ్వాలు అందుకుని తుడుచుకోవడం తన వల్ల కాదనుకున్నాడు.

బాప్తిస్మానికి వారం ముందు ఆదివారం, ఎప్పటిలాగే రొట్టెలు విప్పాక చెప్పాడు.

"మేస్త్రీ, నీ చేతిల తప్పు లేదు. ఆ స్లాబుకు నేను నీళ్లు పట్టలే. నార్సింగిల తాగి పండిన."

గోవిందప్ప నమలడం ఆపాడు. "ఎన్ని దినాలు?"

"మూడు."

"గట్లు పలిగినయా?"

"పలిగినయి. నువ్వొచ్చే ముందు మళ్ల కట్టి నింపిన. నన్ను మాఫ్ చెయ్యమని అడిగే మొకం గూడ లేదు నాకు."

గోవిందప్ప కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "రెండేండ్లు ఈ చెయ్యిని తిట్టుకున్న," అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండునని సాయిలు కూర్చున్నచోటే ఎదురుచూశాడు. గోవిందప్ప చెంబుతో చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, ఎండలోకి వెళ్ళిపోయాడు. సగం తిన్న రొట్టె పళ్ళెంలో ఉండిపోయింది.

సోమవారం సాయిలు విశ్వేశ్వరరావు దగ్గరికి వెళ్ళి ఇదే చెప్పాడు. ఆయనకి చిరాకేసింది. ఇప్పుడెందుకయ్యా ఇదంతా అన్నాడు. ఆ స్లాబుకి ఏదో మందు పూయించి, కింద సీలింగు వేయించి, కంప్యూటర్లు పెట్టి ఏడాది దాటిపోయిందట.

"మేస్త్రి పేరు ఖరాబైంది సార్. అది సీలింగు ఎనక దాగలే," అన్నాడు సాయిలు.

విశ్వేశ్వరరావు కాగితాల మీంచి తలెత్తి చూశాడు. వెళ్ళమని చెయ్యి ఊపాడు. ఆ వారంలోనే సాయిలుని తీసేసి, వాచ్‌మన్ పనికి యూనిఫారాల మనుషుల్ని పెట్టారు. సాయిలు పెట్టె, పొయ్యి తీసుకుని బోరబండలో కిరాయి గదికి మారాడు.

ఆదివారం పొద్దున దుర్గం చెరువులో ఆరుగురికి బాప్తిస్మం ఇచ్చారు. గట్టు మీద తువ్వాళ్ళతో ఐదుగురు నిలబడ్డారు. సాయిలు తన తువ్వాలు మడతపెట్టి ఒక రాయి మీద ఉంచాడు. ముందురోజే ఉతికిన తువ్వాలు. నీళ్ళలో మునిగి లేచినప్పుడు సంతోషమే కలిగింది, అది దాచాల్సిన పని లేదు. ఒడ్డు వైపు తిరిగి ఆ రాయిని చూశాక అది సగమైంది. పుణ్యవతి వేరే ఆవిణ్ణి వదిలేసి ఇటు పరుగెత్తుకొచ్చింది గాని, అప్పటికే సాయిలు తువ్వాలు తీసుకుని తనే తుడుచుకున్నాడు.

తర్వాత రెండు నెలలు ఒక ఆఫీసు ముందు పచ్చగడ్డికి నీళ్ళు పోసే పని చేశాడు. ఆదివారాలు పచ్చిపులుసు ఒక్కడికే చేసుకోవడం చేతకాక ఎక్కువ చేసి పారబోసేవాడు. ప్రార్థనలో అందరూ ఆరోగ్యాలు, ఉద్యోగాలు అడిగేవాళ్ళు. సాయిలు ఏమీ అడిగేవాడు కాదు. గోవిందప్పని తిరిగి ఇమ్మని అడగడానికి సిగ్గేసేది.

మార్చి చివర్లో విశ్వేశ్వరరావు కబురు చేశాడు. కొండాపూర్‌లో కొత్త బిల్డింగు. గోవిందప్పని పిలిపించి మేస్త్రిగా పెట్టుకున్నానని చెప్పాడు.

"నీళ్ళకి నిన్నే పెట్టమన్నాడయ్యా. ఎందుకూ అంటే చెప్పడు," అన్నాడు.

సాయిలు వెళ్ళాడు. గోవిందప్ప స్లాబు పోయించాడు, చెయ్యి ఎక్కడా తడబడలేదు. సాయిలుతో మాట్లాడలేదు, కళ్ళెత్తి చూడలేదు. మర్నాడు పొద్దున పైకొచ్చి మడి దగ్గర కూర్చుని వేలు ముంచాడు. తీసి కణుపు చూసుకున్నాడు. దిగిపోయాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగు మూలల మడుల్లో కూడా ముంచాడు. ప్రతిసారీ సాయిలు పక్కకి తప్పుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడేవాడు. ఇది తనకి న్యాయంగా రావలసిందేనని తెలుసు. తెలిసినా ప్రాణం చిన్నబోయేది. వేలు ముంచడానికే పిలిపించాడా అనుకునేవాడు. రోజుకి ఐదుసార్లు నింపేచోట ఏడుసార్లు నింపాడు. మధ్యాహ్నం గోవిందప్ప కింద కూలీలతో తినేవాడు, సాయిలు పైన నీళ్ళ మధ్య ఒంటరిగా తినేవాడు.

పదకొండో రోజు పొద్దున గోవిందప్ప పైకొచ్చాడు. సాయిలు అలవాటుగా పక్కకి జరిగాడు. గోవిందప్ప కూర్చోలేదు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒకసారి చుట్టూ చూశాడు. దిగిపోయాడు.

చూడడానికి కూడా అసహ్యమేసిందేమో అని సాయిలు మొదట బెంబేలుపడ్డాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి పోతుంటే అప్పుడు తట్టింది. ఎవరి నీళ్ళలో గోవిందప్ప వేలు ముంచడో, అది సాయిలుకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? గట్టు పక్కన అలాగే కూలబడి, చంద్రమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చాడు. పైపులో నీళ్ళు పోతూనే ఉన్నాయి. మడి నిండి గట్టు మీంచి పొర్లి కాళ్ళు తడిసేసరికి లేచి, పైపు తీసి పక్క మడిలో వేశాడు. ఇంకా మూడు రోజులు నీళ్ళు పట్టాలి.