ఏడుసార్లు కాలాల్సిన వత్తి

మా అన్నయ్య స్తమాటిస్ చేసిన చివరి మామూలు పని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని అగ్గిపెట్టెంత స్టీలు జాలీ ముక్కను కుట్టుసూది చుట్టూ వత్తిలా చుట్టడం. పెరమా ఓడల మరమ్మతు యార్డులో ముప్పై ఏళ్లు లేత్ తిప్పిన చేతులవి. యార్డు ఖాళీ అయ్యింది, డాక్టరు సిగరెట్లు మాన్పించాడు. అప్పటినుంచి బ్యాటరీతో నడిచే ఆవిరి సిగరెట్లకు వత్తులు కట్టేవాడు, తనకీ, అడిగిన స్నేహితులకీ.

జాలీని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. అలా ఏడుసార్లు. అప్పుడే ఉక్కు మీద నల్లటి పొర పట్టి, పైన చుట్టిన తీగలోని కరెంటు జాలీలోకి పారదు. ఆ తర్వాత నీరసించిన పాత బ్యాటరీతో ఒక్క క్షణం వెలిగించి చూడాలి. తీగ నడిమి నుంచి రెండు వైపులకీ సమంగా ఎరుపెక్కితే సరే. ఒక్కచోటే భగ్గుమంటే అక్కడ ఉక్కు బయటపడి ఉన్నట్టు. ఆ సిగరెట్లుగా వాళ్లు వాడే ఇత్తడి గొట్టాల్లో బ్యాటరీని ఆపే ఏర్పాటేదీ ఉండదు. షార్టయితే చేతిలోనే పేలొచ్చు. అందుకే వత్తి వెలగడం తన కళ్లతో చూడకుండా అన్నయ్య ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఆ గురువారం పాంటెలిస్ వచ్చాడు. సలామీనా ద్వీపానికి తిరిగే ఫెర్రీలో తాళ్లు కట్టే మనిషి. ప్రతి గురువారం డ్యూటీకి ముందు వచ్చి కొత్త వత్తి పట్టుకుపోయేవాడు.

"నీ చేతులింకా వణకట్లేదా మేస్త్రీ?"

"నీ నోరు మూతపడ్డాక వణుకుతాయిలేరా."

జాలీ ఒక్కసారి కాలింది. కాఫీ పెట్టుకునే చిన్న పొయ్యి తప్ప మా ఇంట్లో గ్యాసు మంట లేదు.

"కాస్త జరుగు అన్నయ్యా. మనిషొచ్చి ఇంతసేపయింది, కాఫీ పెట్టొద్దా?" అంటూ ఆ మంట మీద నేను గిన్నె పెట్టేశాను.

ఇద్దరూ ఫుట్‌బాల్ మాటల్లో పడ్డారు. మాట్లాడుతూనే అన్నయ్య తీగ చుట్టేశాడు. అంతలో రేవులో హారన్ మోగింది. పాంటెలిస్ వత్తిని కాగితంలో మడిచి జేబులో వేసుకుని లేచాడు.

"ఆగరా, వెలిగించి చూడలేదు!"

"మూడేళ్లుగా నీ వత్తులే కదా, ఇవాళ కొత్తగా చస్తానా?" అంటూ మెట్లు దిగిపోయాడు.

అన్నయ్య బల్ల మీది నీళ్లగిన్నె వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"ఆర్గిరో, దాన్ని ఎన్నిసార్లు కాల్చాను?"

"నాకేం తెలుసు?"

"ఒక్కసారే. ఒక్కసారే కాల్చాను."

ఫోన్ చేశాడు. మోగింది కానీ ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

"డ్యూటీలో ఎత్తడులే," అన్నాను.

"డ్యూటీలో ఖాళీ దొరగ్గానే ఆ వత్తిని గొట్టంలో బిగిస్తాడే. మూతి దగ్గర పెట్టుకుంటాడు."

చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని బయల్దేరాడు. నేనూ వెనకే పరిగెత్తాను. రేవులో పాంటెలిస్ కోసం అడిగితే టికెట్లు చింపే అతను నవ్వాడు. "వాళ్ల ఫెర్రీ ఇప్పుడే పోయింది మేస్త్రీ. ఏంటంత కంగారు, పాంటెలిస్ నీ చెల్లెల్ని లేపుకుపోయాడా? ఆవిడ ఇక్కడే ఉందిగా!"

అన్నయ్య నవ్వలేదు. తర్వాతి ఫెర్రీ ఎక్కాం. పావుగంట ప్రయాణం. ఆయన కూర్చోలేదు, ముందువైపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మాకంటే ముందు పోతున్న ఫెర్రీ వెనక మనుషులు చీమల్లా కదులుతున్నారు.

"నీ చూపు బావుంటుంది, చూడు. వాడి చేతిలో ఏముంది?"

"అసలు వాడెవడో తెలియట్లేదన్నయ్యా."

"పొగేమన్నా లేస్తోందా?"

"లేదు."

"సరిగ్గా చూడవే!"

నేను సరిగ్గానే చూస్తున్నాను. ఆయన మొహం వైపు మాత్రం చూడలేదు. తిరిగి చూసేసరికి తాళ్ల పెట్టె మీద కూలబడి ఉన్నాడు, నుదుటినిండా చెమట.

"ఊపిరాడట్లేదు. పర్లేదు. నువ్వు ముందు దిగి వాడికి చెప్పు, బిగించొద్దని."

సలామీనాలోని పలూకియా రేవులో ఫెర్రీ తలుపు దించారు. కార్లు దిగిపోయాయి. అన్నయ్య లేవలేదు. పక్క రేవు నుంచి తాడు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు పాంటెలిస్. అన్నయ్య తలను ఒళ్లోకి తీసుకున్న ఆ రెండు చేతులకూ ఏమీ కాలేదు. అది చూశాక నేనతన్ని ఏమీ అడగలేదు.

అన్నయ్య పోయిన నలభయ్యోరోజు ప్రార్థన అయ్యాక, ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు పంచుతూ అడిగాను. "ఆ రోజు వత్తి ఏం చేశావు?"

పాంటెలిస్ చేతిలోని గోధుమల్ని కాగితంలో మడిచాడు.

"చలికాలం మొదట్లోనే పీల్చడం మానేశాను చెల్లెమ్మా. ఆ గొట్టం కూడా ఎవరికో ఇచ్చేశాను. ఆ సంగతి చెబితే, ఇక గురువారాలు ఏ వంక పెట్టుకుని రాను?"