జలం గారు

వరద సమాచారం పంపే ఆఫీసులో అనువాదకుణ్ణి అందరూ జలం గారనే పిలుస్తారు. దాహమేస్తే ఆయనా అందరిలాగే మంచినీళ్ళే అడుగుతాడు గానీ, పనిలో కూర్చున్నాడంటే నీళ్ళన్న మాట కాగితం మీద పడనివ్వడు. ఇంగ్లీషులో ‘సీపేజ్’ అని వస్తే ఊట అని ఊరుకోడు, అంతఃస్రవణం అంటాడు. ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఒక్కో మాటా నమిలి నమిలి చెబుతాడు. ఎదుట కూర్చున్న టైపిస్టు చెప్పింది చెప్పినట్టు టైపు చేసేస్తుంది.

మొన్న ఏరు పొంగిన రోజు ‘ఇనండేషన్’ అని వచ్చింది. నీళ్ళు ముంచెత్తుతాయని అర్థం. “లోతట్టు ప్రాంతములు జలమయమగు సూచనలు కలవు” అని చెప్పి పంపించాడు. మైకు బండి వీధుల్లో ఒక చుట్టు తిరిగేసరికి, ఏటి ఒడ్డున ఉండే అక్క ఫోను చేసింది.

“ఒరేయ్, మైకులో ఏదో చదువుకుంటూ పోయారు. మాకేమైనా సంబంధం ఉందా? స్టవ్వు మీద కూరుంది, మీ బావ నిద్రపోతున్నారు.”

ఆయన కళ్ళజోడు తియ్యలేదు. “నీళ్ళొచ్చేస్తున్నాయక్కా. కూర వదిలెయ్. బావని లేపి మేడెక్కండి.”

ఫోను పెట్టేసరికి, అలవాటు కొద్దీ టైపిస్టు అదీ టైపు చేసేసింది.

“తీసెయ్యమంటారా సార్?”

ఆయన వంగి చదివాడు. “అదే పంపు.”

“అక్క, కూర అన్న మాటలు తీసేసి...”

“ఏదీ తియ్యకు. టైమెక్కడుంది?”

మైకు బండి మళ్ళీ బయల్దేరింది. “నీళ్ళొచ్చేస్తున్నాయక్కా, కూర వదిలెయ్” అంటూ అది ముందుకు పోతుంటే, దాని వెనకాలే ఒక్కో ఇంట్లో స్టవ్వు ఆగుతూ వచ్చింది.