మేస్త్రీ వదిలేసే దెబ్బ

సొట్టల మేస్త్రీ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఎక్కడో గుద్దుకొచ్చిన కార్ల సొట్టలు సుత్తితో తీయడం అతని పని. పగలు రేకుల మీద, సాయంత్రం షట్టర్ దించాక అదే షెడ్డులో డ్రమ్ముల మీద. తనూ బావమరిదీ ఇంకో ఇద్దరూ కలిసి కట్టిన పంక్ బ్యాండు వాళ్ళది, పాటంతా అరుపులూ పరుగూ. సంగీతమో, సామాన్లు పడ్డాయో తెలియక ఇరుగుపొరుగు తలలు పట్టుకునేవారు. ఆ రోజులే రోజులు!

కుడి భుజం పట్టేశాక సుత్తి ఎడమ చేతికి మారింది గానీ డ్రమ్ములకి రెండు చేతులూ కావాలి, వాయించడం ఆగిపోయింది. అతని కళ్ళెదుట ఇంకొకరిని కూర్చోబెట్టలేక బ్యాండువాళ్ళు వేరే షెడ్డు చూసుకున్నారు. మంచిదేగా అన్నాడు మేస్త్రీ. లోపల మాత్రం ఒకటే గుబులు, నేను లేకపోయినా నడిచిపోతుందా అని.

మొన్న బావమరిది కొత్త రికార్డు తెచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది, అట్ట మీద పాత షెడ్డు బొమ్మ. డ్రమ్ములు వాయించింది బావమరిది కూతురే.

"విని చెప్పు బావా. నువ్వు బాలేదంటే..." అని మాట మింగేసి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

మేస్త్రీ పాత ప్లేయరు దుమ్ము దులిపి ముల్లు ఆనించాడు. బావమరిది గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. డ్రమ్ములు కాళ్ళీడుస్తున్నాయి. మేస్త్రీకి ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, దాని వెనకే కాస్త సంతోషమూ వచ్చింది. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏంట్రా ఇది? మన పాటంటే పరుగురా! నేను లేకపోతే ఇంతేనన్నమాట!"

"సరే బావా" అని అవతల ఫోన్ పెట్టేశాడు.

వంటింట్లోంచి భార్య వచ్చింది. "మా తమ్ముడి గొంతు అలా ఉండదే" అని కళ్ళజోడు పెట్టుకుని రికార్డు మధ్య చీటీ చదివింది. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇది నలభై అయిదు స్పీడుది. ముప్ఫై మూడులో నెమ్మదిగా తిప్పి మావాణ్ణి తిడతారేం?"

మీట తిప్పింది. ఇల్లదిరేలా పాట అందుకుంది. మేనకోడలు అతనికంటే వేగంగా, అతనికంటే బాగా వాయిస్తోంది. మేస్త్రీ ముఖం చిన్నబోయింది. నడిచిపోతుందన్నమాట.

ఆఖర్న వాళ్ళ పాత పాట మళ్ళీ వాయించారు. చివరి చరణం ముందు డ్రమ్ములు ఒక్క దెబ్బ వదిలేసి మళ్ళీ అందుకున్నాయి.

భార్య ఫక్కున నవ్వింది. "మీ ప్యాంటు!"

అప్పట్లో మేస్త్రీ పుల్లలా ఉండేవాడు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ప్యాంటు జారేది. అది పైకి లాక్కోడానికి ఒక దెబ్బ వదిలేసేవాడు. మిగతావాళ్ళూ ఆగడం అలవాటు చేసుకున్నారు.

మేస్త్రీ మళ్ళీ ఫోన్ చేశాడు. "స్పీడు తప్పు పెట్టాన్రా. బాగుంది, చాలా బాగుంది. అక్కడ ఆగమని పిల్లకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బావా. చిన్నప్పట్నుంచీ నీ దగ్గర విన్నదేగా. ఆగకుండా వాయించమంటే, పాట తప్పు వాయించమంటావేంటని నా మీదికే వచ్చింది."

మేస్త్రీ ముల్లు వెనక్కి పెట్టాడు. ఆ చోటు రాగానే ఎడమ చెయ్యి నడుం మీదికి పోయింది. బొజ్జకి ప్యాంటు బిగిసిపోయి ఉంది. అయినా కళ్ళు తుడుచుకుంటూ దాన్ని పైకి లాక్కున్నాడు.