పదహారు తులాల పిడి

ఆ ఉదయం పోయినవాటి లెక్క ముందే చెబుతాను. ఒక జొన్నసొప్ప పందిరి, రెండు కుండల అంబలి, మా మామ తలపాగా, నా పరువు, ఒక మేక. మేక పోయిందంటే చచ్చిందనుకునేరు. కాళ్లతోనే పోయింది. ఇంత నష్టానికీ కారణం నేను. కత్తి తప్పు ఇసుమంత కూడా లేదు.

సేర్లు, తులాలు, అణాలు చెల్లుతున్న ఆ యాభైలలో నేను ఆదోనిలో ఒక పత్తి కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. బడిలో నేర్చిన చదువు కాదు, తక్కెడ పక్కన కూర్చుని సొంతంగా పట్టుకున్న విద్య. అందుకే గర్వం రెండింతలు. పెళ్లయింది కానీ నా భార్య సుంకమ్మ ఇంకా ఎమ్మిగనూరులో పుట్టింట్లోనే ఉంది. వాళ్లింటి ఆచారం అలాంటిది. కొత్త అల్లుడు కత్తి కొనితెచ్చి, తన చేత్తో ఒక్క వేటుకు మేకను కొట్టి మారెమ్మ మొక్కు తీర్చాలి. అప్పుడే పిల్లను కాపురానికి పంపుతారు.

సరే, కమ్మరి ఈరన్న కొలిమికి పోయాను. గోడకు ఆనించి ఉంది వేటకత్తి. లారీ కమానుపట్టా సాగగొట్టి చేసింది. నా పిడికిలి నుంచి భుజం దాకా పొడవు. కొస దగ్గర గద్దముక్కులా వంపు. అంచు మీద వెలుగు నీళ్లలా జారుతోంది. అయ్యా, దాన్ని 'అది' అనడానికే నోరు రాలేదు. చెప్పులు బయటే విడిచాను.

"ముట్టుకోవచ్చునా అన్నా?"

"ముట్టుకో అప్పా. అది కరిసేది మేకల్నే."

రెండు సేర్లు తూగింది. సేరు రెండు రూపాయలన్నాడు. అప్పుడే నాలోని లెక్కలవాడు నిద్ర లేచాడు.

"పిడి కట్టెకు గూడా ఇనుము రేటేనా?"

ఈరన్న సుత్తి కింద పెట్టాడు. "లక్క పోసి బిగించినా. పిడితో కల్సే కత్తి. పెండ్లికొడుకును తూకమేస్తే తల తీసి పక్కన పెడతారా?"

డబ్బు ఇచ్చి తెచ్చుకున్నాను కానీ మనసు ఊరుకోలేదు. కొట్టులో లక్కను వేడిచేసి, పిడి ఊడదీసి, తూచాను. పదహారు తులాలు, సేరులో అయిదో వంతు! ఆరణాల పైచిలుకు మోసం! లెక్క తేలిన ఆనందంలో, చీటీలంటించే మైదా జిగురుతో పిడి మళ్లీ అతికించాను. పిడి ఊడబెరకనేల, జిగురు పూయనేల అని పెద్దలు చెప్పలేదు. పెద్దల్లో ఇంత తెలివైనవాడు పుట్టి ఉండడు.

బస్సులో కత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. కండక్టరు దూరం నుంచే, "నీకు టికెట్టియ్యాల్నా, దణ్ణం పెట్టాల్నా అప్పా?" అన్నాడు. నాక్కూడా రెండోదే సబబనిపించింది.

మామ నరసప్ప ఇంటి ముందు పందిరి వేశారు. మెడలో బంతిపూల దండతో మేక నిలబడింది. గడపలో సుంకమ్మ నిలబడింది. నేను రెండు చేతులా కత్తి ఎత్తాను.

ఎత్తింది పిడి ఒక్కటే. కత్తి నాకంటే ముందే బయలుదేరింది. ఎండలో గిర్రున తిరుగుతూ అది పైకి పోతుంటే, ఏం చెప్పమంటారు, నోరు తెరిచి చూశాను. అంత అందం మళ్లీ చూడలేదు. అది పందిరిని కట్టిన తాడును తెంపి, పక్కన నిలిపిన ఎద్దుల బండి నొగలో దిగబడింది. పందిరి బంధువుల మీద, అంబలి కుండల మీద కూలింది. మేక ఒక నోటినిండా సొప్ప అందుకుని చేల వైపు పరుగెత్తింది. నా చేతిలో పదహారు తులాల కట్టె మిగిలింది.

"నాయనా, మేక యాడికో పోతాండాది!" అని సుంకమ్మ పకపకా నవ్వింది.

సొప్ప కింద నుంచి మామ గొంతు వచ్చింది. "అల్లుడా! మేకను నరకమంటే ఇల్లు నరుకుతాండావేమప్పా?"

నా కాపురం అక్కడితో సరి అనుకున్నాను. మామ తలపాగా లేకుండా పాకుతూ బయటికి వచ్చి, తెగిన తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లతో తడిమాడు. "నాలుగు పేటల తాడు. ఒక్క పీచు లేసలేదు సూడు!" నొగలోంచి కత్తిని పెరికి, కళ్లకు అద్దుకున్నాడు. "అబ్బా! ఇట్లాంటిది మా తాత కాలంలో గూడా లేదు. అల్లుడా, కత్తి ఈడనే ఉండనీ, పిల్లను పిల్చుకపో."

"మరి మొక్కు, మామా?"

"అది నీ మీదికొస్తాది. ఏడాది దాటినప్పుడల్లా మేకలు రెండింతలు. లెక్క సూసుకోని సెప్పు."

సుంకమ్మ అప్పటికే బట్టల మూట చంకనెత్తుకుంది. "లెక్కెందుకు మామా, సరే!" అన్నాను. జన్మలో లెక్క వేయకుండా నేనన్న సరే అదొక్కటే.

మొదటి ఏడాది రెండు మేకలు. చేతిలో డబ్బు లేక వచ్చే ఏడు చూద్దామనుకున్నాను. అప్పటికి నాలుగయ్యాయి. తర్వాత ఆలోచించడం మానేశాను.

మారెమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఇక ఏ కత్తి పిడీ ఊడదీయను, రెండింతలన్న మాటకు తలూపను. ఈ ఏటితో ఇరవై ఏళ్లు నిండాయి. నేటికి అమ్మవారికి నేను బాకీ ఉన్నవి పది లక్షల నలభై ఎనిమిది వేల ఐదువందల డెబ్బై ఆరు మేకలు.