సోదర పార్టీలు

కెనడాలో, మిస్సిసాగాలో మా టౌన్‌హౌస్ వరుస చివరి ఇంట్లో తొంభై ఏళ్ల పెద్దాయన ఒక్కరే ఉండేవారు. ఆ చలికాలం శనివారాల్లో దగ్గరి లైబ్రరీలో చరిత్ర మీద చర్చలు జరిగేవి. వెళ్తూ ఆయన్ని కూడా కారులో ఎక్కించుకునేవాణ్ణి.

"ఇంత ఐస్‌లో ఆయన్నెందుకు తీసుకెళ్తారు? స్లిప్ అయి పడితే?" అనేది నా భార్య.

"నేను పికప్ చేసుకోకపోతే బస్సులో వస్తారు. అది ఇంకా రిస్క్."

ఒక శనివారం, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ యూరప్ సోషలిస్టు పార్టీల మీద మాట వచ్చింది. నాజీలు బలపడుతుంటే ఆ పార్టీలు తీర్మానాలు చేస్తూ కూర్చున్నాయని, చర్చ నడిపే రిటైర్డ్ లెక్చరర్ తేల్చేశారు.

పెద్దాయన లేచి నిలబడ్డారు. "మా నాన్న కూర్చోలేదు" అన్నారు.

ఆయన తండ్రి చెకొస్లవేకియాలో, జర్మనీ సరిహద్దు దగ్గర గాజు ఫ్యాక్టరీ కార్మికుడు. జర్మన్ మాట్లాడే సోషలిస్టు. చుట్టూ ఉన్న జర్మన్లలో చాలామంది జర్మనీలో కలిసిపోదామంటుంటే, వద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. చివరికి 1938లో మ్యూనిక్‌లో నాలుగు పెద్ద దేశాలు కూర్చుని ఆ ప్రాంతాన్ని జర్మనీకి ఇచ్చేశాయి. భార్యనీ, పసివాడైన కొడుకునీ తీసుకుని ఆయన ప్రాగ్ పారిపోయాడు.

"మీరూ జర్మన్లే కదా, పారిపోవడమెందుకు?" అని ఒకామె అడిగింది.

"పారిపోని సోషలిస్టుల్ని నాజీలు క్యాంపుల్లో పెట్టారు. నాన్న స్నేహితుల్లో కొందరు తిరిగి రాలేదు."



తిరుగు దారిలో కారులో మిగతాది చెప్పారు. "ఫ్రాన్స్‌లో మా సోదర పార్టీ, అంటే అక్కడి సోషలిస్టు పార్టీ, పార్లమెంటులో ఆ మ్యూనిక్ ఒప్పందానికి ఓటేసింది. బ్రిటన్‌లో సోదర పార్టీ వాళ్లు తిరిగి తిరిగి మాకు వీసాలు తెప్పించారు. నాన్న ఒకళ్లని తిట్టబోతే రెండోవాళ్లు గుర్తొచ్చేవారు."

బ్రిటన్ మీదుగా వచ్చిన వాళ్లని, వ్యవసాయం చేస్తామంటేనే కెనడా రానిచ్చింది. సస్కచెవాన్ రాష్ట్రంలో భూమి చూపించారు. గాజు ఊదిన మనిషికి ఆవు పాలు పితకడం చేతకాలేదు. యుద్ధం మొదలయ్యాక, జర్మన్ మాట్లాడుతున్నారని ఇరుగుపొరుగు అనుమానంగా చూశారు. అయినా మేడే నాడు ఆయన పొలానికి వెళ్లేవాడు కాదు. సూటు వేసుకుని వాకిట్లో కూర్చునేవాడు. ఎవరైనా పోయారేమోనని పక్కవాళ్లు వచ్చి అడిగేవారట.

కారులో విన్నది నేను లెక్చరర్‌కి చెబితే, ఇదంతా అందరికీ చెప్పమని ఆయన నా ద్వారా అడిగించారు. పెద్దాయన ఒప్పుకున్నారు. తర్వాతి శనివారం కుర్చీలు చాలలేదు. విన్నాక లెక్చరర్, "నేను తొందరపడి మాట్లాడాను" అన్నారు.

"లేదు, మీరన్నదీ నిజమే. తీర్మానాలు చాలానే చేశారు. రెండు మూడు మా నాన్నే రాసుంటాడు" అన్నారు పెద్దాయన. అందరం నవ్వేశాం.

ఆ పై వారం చర్చ రెండో ప్రపంచ యుద్ధం మీద. ఆయన రానన్నారు. "అక్కణ్ణుంచి కథ అందరికీ తెలిసిందే. మీరు వెళ్లి రండి" అని తలుపు వేసుకున్నారు.