ఓటు వేయకుండా లేచి వెళ్లిన కౌన్సిలర్ గారు

పోయిన ఆదివారం పొద్దున్నే కొవ్వూరు నుంచి ఫోను వచ్చింది. మా వార్డు పాత కౌన్సిలర్ గారు కూతురింట్లో కన్నుమూశారట. ఎండుచేపలు సర్దుకుంటున్న అమ్మకి చెప్పాను. గంప పక్కకి నెట్టి అక్కడే కూర్చుండిపోయింది. ఒకప్పుడు ఆవిడని వీధిలో నిలబెట్టి తిట్టిన మనిషి మా అమ్మ.

నేను మున్సిపల్ ఆఫీసులో కౌన్సిల్ మినిట్స్ రాసేదాన్ని. ఎజెండా కాగితాలు ఇంటి దగ్గరే చదివి, పెన్సిలుతో గీతలు గీసుకొచ్చే సభ్యురాలు ఆమె ఒక్కరే. అర్థం కానిది అటెండరునైనా అడిగేవారు. "తెలియకుండా చెయ్యెత్తకూడదమ్మా" అనేవారు.

పాత మార్కెట్ పడగొట్టి కొత్తది కట్టడానికి రెండు ప్లాన్లు వచ్చాయి. మొదటిది అందరినీ ఊరి బయట బైపాస్ పక్కకి పంపేది. రెండోది ఉన్నచోటే భవనం కట్టి, పాత షాపుల వాళ్లకీ గంపల వాళ్లకీ అందులోనే చోటిచ్చేది. రెండోదాని కోసం ఇల్లిల్లూ తిరిగింది ఆమే. తీరా ఓటింగు రోజున లేచి నిలబడ్డారు.

"ఛైర్మన్ గారూ, ఆ మార్కెట్ మూల మీద మావారి నుంచి వచ్చిన రెండు షాపులు నాకున్నాయండి. రెండో ప్లాను వస్తే నాకు లాభం. చట్టం ప్రకారం నేను చర్చలో ఉండకూడదు, ఓటెయ్యకూడదు. ఎజెండా చదువుతుంటే నిన్ననే తట్టింది. ముందే ఆలోచించకపోవడం నా తప్పు. అదీ మినిట్స్‌లో రాయించండి."

వరండాలోకి వెళ్లిపోయారు. ఒక్క ఓటు తేడాతో మొదటి ప్లాను గెలిచింది.

ఆ సాయంత్రం మార్కెట్లో గంపలు పెట్టుకునే అమ్మావాళ్లు ఆమెను వీధిలో అడ్డగించారు. అందరికంటే ముందు అమ్మే నిలదీసింది.

"మమ్మల్ని నడి గోదాట్లో వదిలేశారు కదండీ! ఒక్క చెయ్యెత్తితే ఏం పోయేది?"

నాకూ కోపంగానే ఉంది. ఆమె గొంతు పెంచలేదు. "నా ఓటుతో గెలిస్తే రేపు ఎవరో కోర్టుకెళ్లి దాన్ని కొట్టేయిస్తారు. నాతోపాటు మీరూ ఓడిపోతారు. నాకు లాభమున్న చోట నా న్యాయాన్ని నేనే నమ్మకూడదమ్మా. అయినా ఆ రూలు నా ఒక్కదానికే కాదు కదా."

ఆ చివరి మాట మాకెవరికీ ఎక్కలేదు. మర్నాటి నుంచి ఆమె రిజిస్ట్రేషన్ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నారు. బైపాస్ పక్క స్థలాల కాగితాలకు నకళ్లు తీయించారు. మొదటి ప్లానుకు చెయ్యెత్తిన వాళ్లలో ఇద్దరి భార్యల పేర్లు వాటిలో ఉన్నాయి. ప్లాను తయారవుతున్నప్పుడే కొన్నారు. ఇంటికి మనుషులొచ్చి బెదిరించినా ఆమె ఆ నకళ్లు కలెక్టరు గారికి ఇచ్చే వచ్చారు. తీర్మానం రద్దయింది.

రెండోసారి ఓటింగు జరిగినప్పుడు ఆ ఇద్దరూ, ఆమె, ముగ్గురూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. "మంచినీళ్లు తాగుతారాండీ?" అని ఆమె వాళ్లనడగడం లోపలికి వినబడింది. ఈసారి ఒక్క ఓటుతో రెండో ప్లాను గెలిచింది.

తర్వాతి ఎన్నికల్లో పార్టీ ఆమెకు టికెట్ ఇవ్వలేదు. కొత్త భవనంలో షాపులకి లాటరీ తీస్తే ఆమెకు వెనకవైపు గదులు వచ్చాయి. మార్చమని ఎవరినీ అడగలేదు. అమ్మకి ముందు వరసలో చోటు వచ్చింది.

నా కళ్లలో నిలిచిపోయింది మాత్రం పాత షాపులు పడగొట్టిన రోజు. జేసీబీ రాకముందే ఆమె వచ్చి, తన రెండు షాపుల తాళాలు తీసి, షట్టర్లు పైకెత్తించారు. "ఇంక కానివ్వు బాబూ" అని పక్కకి జరిగారు. గోడ కూలింది. దాని వెనకున్న కాలువ మొదటిసారి రోడ్డు మీదికి కనబడింది. ఆమె పైటచెంగుతో కళ్లజోడు మీది దుమ్ము తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ నీళ్లవైపు చూస్తూ నిలబడ్డారు.