యెమి ఆంటీ కూనిరాగం

ఈ ఉదయం డ్యూటీ దిగి రియాద్‌లోని మా బిల్డింగు మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తులో ఎవరో ఎండు రొయ్యలు వేయిస్తున్నారు. కాళ్ళు లాగేస్తున్నా రెయిలింగు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో మేం అల్ ఖోబర్‌లో, ఆసుపత్రి క్వార్టర్సులో ఉండేవాళ్ళం. అమ్మ నర్సు. నాన్న జుబైల్లో ఫిట్టరు. అక్కడ రిఫైనరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు లేని వారం గురువారం సాయంత్రం వచ్చి, శుక్రవారం పొద్దుగూకేసరికి వెళ్ళిపోయేవారు. మా గోడకు అవతల నైజీరియా నుంచి వచ్చిన యెమి ఆంటీ, నా ఈడుదే ఆవిడ కూతురు షాదే. ఆంటీ కూడా నర్సే. తెనాలి నుంచి అమ్మమ్మ పంపిన ఎండు రొయ్యలు మా పెనం మీద, వాళ్ళ ఊరి ఎండు రొయ్యలు ఎర్రటి పామాయిల్ కూరలో ఒకేసారి వేగుతుంటే వరండా అంతా ముక్కు మూసుకునేది. ఎండాకాలం ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి, కిటికీ గట్టు మీద పేరుకున్న ఇసుక కడిగేవాళ్ళం. అక్కడ పండగ బాహాటంగా చేసుకోకూడదు కాబట్టి క్రిస్మస్‌కి తలుపులు బిగించుకుని, అమ్మ చేసిన అరిసెలూ ఆంటీ నూనెలో దేవిన తియ్యటి పిండి ఉండలూ పంచుకుని, పాటలు గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం.

తమ భాష యోరుబాలో అక్షరాలు సరిగ్గా పలికితే చాలదనీ, గొంతు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో కూడా తెలియాలనీ ఆంటీ చెప్పేది. ‘ఒకొ’ అన్న మాటను రెండక్షరాలూ ఒకే మట్టంలో ఉంచి అంటే మొగుడు. రెండోది పైకెత్తితే పార, దించేస్తే బండి. ఆవిడ నోరు మూసి, వట్టి కూనిరాగంతో అడిగితే, అది మొగుడో పారో బండో మేం చెప్పాలి. షాదే విసుక్కునేది. స్కూల్లో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఇంట్లో తల్లి ఏమడిగినా జవాబు ఇంగ్లీషే. ఆ ‘ఒకొ’ సంగతి విని అమ్మ మాత్రం పగలబడి నవ్వింది.

“ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండ! మొగుణ్ణి పిలవబోతే పార వచ్చుద్దన్నమాట!”

ఒక మార్చి నెలలో ఇసుక గాలి లేచిన మధ్యాహ్నం, నర్సులను తీసుకొస్తున్న బస్సు దమ్మాం రోడ్డు మీద ట్రైలర్‌ను గుద్దింది. ముందు సీట్లో ఉన్న యెమి ఆంటీకి దవడ విరిగింది, కుడి చెయ్యి విరిగింది. పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగలతో కలిపి కట్టేశారు. పెదవులు వాచిపోయి మాట రాదు, చేతికి పట్టీ కాబట్టి రాయడానికీ లేదు. షాదే తండ్రి నైజీరియాలోనే, ఇబాదాన్‌లో ఉన్నాడు, వీసా దొరకలేదు. ఆ పిల్ల మా ఇంట్లోనే పడుకుంది, అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు అమ్మ మా ఇద్దరినీ వార్డుకు తీసుకెళ్ళింది. ఆంటీ కళ్ళు తెరిచి, ముక్కులోంచి రెండు స్వరాలు మూలిగింది. నొప్పేమోనని అక్కడి సిస్టర్ ఇంజెక్షన్ తేబోయింది. ఆంటీ తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే మూలిగింది.

“డాడీ గురించా? ఫోన్ చేశాను మమ్మీ,” అంది షాదే.

ఆంటీ కాదన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. ఈసారి మెల్లగా, రెండో స్వరాన్ని బావిలోకి చేద వదిలినట్టు కిందికి దించింది. షాదే మా అమ్మ వైపు తిరిగింది.

“బండి. బస్సు గురించి అడుగుతోంది.”

అమ్మ అప్పటిదాకా దాచిన సంగతి అదే. ఆంటీ వెనక సీట్లో కూర్చున్న మలయాళీ అమ్మాయి, ఆంటీతో కలిసి డ్యూటీలు చేసిన పిల్ల, అక్కడికక్కడే పోయింది. అమ్మ మంచం అంచున కూర్చుని ఆంటీ ఎడమ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

“ఇంకేం దాచను వదినా,” అని తెలుగులోనే మొదలుపెట్టి, మిగిలింది ఆసుపత్రి ఇంగ్లీషులో చెప్పింది.

ఆంటీ పొడుగ్గా మూలిగింది. నేను షాదే చెయ్యి పట్టి, “ఏమంటోంది?” అన్నాను.

“అది మాట కాదు,” అంది షాదే.

ఆ తరవాత తీగలు తీసేదాకా షాదేయే తల్లికి నోరు. జావలో ఉప్పు చాలలేదనో, దుప్పటి కప్పమనో ఆవిడ కూనిరాగం తీస్తే, షాదే ఒక్కోసారి తప్పు చెప్పి, నాలిక్కరుచుకుని, ఆ మాటను యోరుబాలో పైకి పలికి సరిచూసుకునేది. ఇంగ్లీషు జవాబులు ఆగిపోయాయి. దవడ కుదురుకున్నా ఆంటీకి బస్సెక్కాలంటే వణుకు పోలేదు. ఆ ఏడాదే ఉద్యోగం వదిలి, ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని తల్లీకూతుళ్ళు శాశ్వతంగా తమ దేశం వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ క్వార్టర్సు లేవు, కారు పార్కింగు చేశారు. అమ్మ పోయింది, నిరుడు యెమి ఆంటీ పోయింది. షాదే ఇంగ్లండులో నర్సు. ఆంటీ పోయిన వారానికి ఫోన్ చేసి, పిల్లలకు యోరుబా వచ్చా అని అడిగాను.

“డ్యూటీ నుంచి వచ్చాక నోరు తెరిచే ఓపిక ఉండదు,” అంది. “మమ్మీ ఉన్నప్పుడు ఫోన్లో రోజూ మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఎవరితో మాట్లాడను?”

నా కొడుకూ నాకు ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. నోరు మూసి, రెండో స్వరం పైకెత్తి ఫోన్లో కూనిరాగం తీస్తే, “పార,” అంది షాదే.